అక్కాచెల్లెళ్ళు ఎదురెదురుగా ఆడవలసి వస్తే ఏం చేయాలి? మా పిల్లల విషయంలో సలహా కావాలి

ప్రశ్న: విజయనగరం నుంచి ఒక తల్లి

అందరికీ నమస్కారం. మాది విజయనగరం. నేను ప్రభుత్వ పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయురాలిని. మా వారు మూడు లాంతర్ల కూడలి దగ్గర చిన్న పుస్తకాల దుకాణం నడుపుతున్నారు. మాకు ఇద్దరు ఆడపిల్లలు. పెద్దమ్మాయికి 15 ఏళ్ళు, చిన్నమ్మాయికి 13. ఇద్దరూ ఆరేళ్ళుగా టెన్నిస్ ఆడుతున్నారు. రోజూ తెల్లవారుజామున అయిదున్నరకల్లా మా వారు ఇద్దరినీ ఒకే బండి మీద కోర్టుకు తీసుకువెళతారు. ఒకే కోచ్ దగ్గర, ఒకే సిమెంటు కోర్టు మీద, ఒకరు కొట్టిన బంతిని ఒకరు తిరిగి కొడుతూ పెరిగిన పిల్లలు. పెద్దదాని సర్వ్ ఎటు వస్తుందో చిన్నదానికి తెలుసు, చిన్నదాని బ్యాక్‌హ్యాండ్ ఎప్పుడు తడబడుతుందో పెద్దదానికి తెలుసు.

గత నెల విశాఖపట్నంలో జరిగిన అండర్-16 టోర్నమెంటులో ఇద్దరికీ క్వార్టర్ ఫైనల్‌లో పోటీ పడింది. మొదటి సెట్ పెద్దమ్మాయి గెలిచింది. రెండో సెట్‌లో 4-1తో ముందుండగా ఆమె ఆట ఉన్నట్టుండి మారిపోయింది. వరుసగా డబుల్ ఫాల్టులు (రెండు సర్వ్‌లూ తప్పి పాయింటు పోవడం) చేసింది, చేతికందే బంతులను నెట్‌లోకి కొట్టింది, చివరికి మూడు సెట్లలో ఓడిపోయింది. చిన్నమ్మాయి సెమీఫైనల్ ఆడి అక్కడ ఓడిపోయింది. తిరుగు ప్రయాణంలో బస్సు భోగాపురం దాటాక చిన్నమ్మాయి అక్క వైపు తిరిగి, "అప్పా, నువ్వే నన్ను గెలిపించావు కదూ?" అని అడిగింది. (మా ఇంట్లో అక్కను అప్ప అనే పిలుస్తాం.) పెద్దమ్మాయి కిటికీలోంచి బయటకు చూస్తూ ఉండిపోయింది, అవుననలేదు, కాదనలేదు. ఆ రోజు నుంచి చిన్నమ్మాయి అక్కతో కలిసి సాధన చేయడం మానేసింది.

ఇంతటితో పోలేదు. ఆ రోజు అక్కడున్న తల్లిదండ్రుల్లో కొందరు, ఎవరు గెలవాలో వీళ్ళు ఇంట్లోనే నిర్ణయించుకుని వచ్చారని నాకు వినబడేలా అనుకున్నారు. మా అత్తగారేమో తోబుట్టువులను పోటీకి నిలబెట్టడమే తప్పనీ, ఒకరిని బ్యాడ్మింటన్‌లో వేయమనీ అంటున్నారు. ఆ మ్యాచ్ సాగినంతసేపూ ఏ పాయింటుకూ చప్పట్లు కొట్టలేక చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న నాకు ఆవిడ మాటలో న్యాయం లేదని చెప్పే ధైర్యం కూడా లేదు. వచ్చే నెల మరో టోర్నమెంటు ఉంది. పిల్లలను వేరువేరు టోర్నమెంట్లకు పంపాలా? మళ్ళీ ఎదురుపడితే ఒకరిని తప్పుకోమనాలా? అమెరికా టెన్నిస్ అక్కాచెల్లెళ్ళు వీనస్, సెరెనా విలియమ్స్ ఇన్నేళ్ళపాటు ఒకరితో ఒకరు ఎలా ఆడగలిగారో తెలిసినవారు వివరిస్తే నాకు మేలు చేసినవారవుతారు.

జవాబు: శ్రీకాకుళం, విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు

అమ్మా, మీ ప్రశ్న చదివి రెండు రోజులు ఆలోచించాను. ముప్పై ఏళ్ళు పిల్లలకు ఆటలు నేర్పినవాడిని. నేర్పినవి ఖోఖో, కబడ్డీ, పరుగు పందాలే అయినా టెన్నిస్‌ను పాతికేళ్ళకు పైగా శ్రద్ధగా చూస్తున్నాను. విలియమ్స్ అక్కాచెల్లెళ్ళు ఆడిన పెద్ద మ్యాచ్‌లు దాదాపుగా ఏదీ వదలలేదు.

ఇది కొత్తగా పుట్టిన చిక్కు కాదు. వింబుల్డన్‌లో మహిళలకు మొట్టమొదటిసారి పోటీ పెట్టినది 1884లో. ఆ మొదటి ఫైనల్‌లోనే మాడ్ వాట్సన్, లిలియన్ వాట్సన్ అనే అక్కాచెల్లెళ్ళు తలపడ్డారు. చెల్లెలు మాడ్ తొలి సెట్ 6-8తో పోగొట్టుకుని, తరువాతి రెండూ 6-3, 6-3తో గెలిచింది. ఆ తరువాత గ్రాండ్‌స్లామ్ (టెన్నిస్‌లో ఏటా జరిగే నాలుగు అతి పెద్ద పోటీలు) ఫైనల్‌లో మళ్ళీ అక్కాచెల్లెళ్ళు ఎదురుపడడానికి 2001 యూఎస్ ఓపెన్ దాకా, అంటే 117 ఏళ్ళు పట్టింది.

వీనస్ 1980లో, సెరెనా 1981లో పుట్టారు. మీ పిల్లల మధ్య ఉన్నంత ఎడం కూడా లేదు. లాస్ ఏంజిలిస్ పక్కనున్న కాంప్టన్‌లో ప్రభుత్వ కోర్టుల మీద తల్లిదండ్రులే ఇద్దరికీ ఆట నేర్పారు. వృత్తి క్రీడాకారిణులుగా వాళ్ళు మొత్తం 31 సార్లు తలపడ్డారు. మొదటిది 1998 ఆస్ట్రేలియన్ ఓపెన్ రెండో రౌండు, చివరిది 2020లో అమెరికాలోని లెక్సింగ్టన్‌లో. సెరెనా 19, వీనస్ 12 గెలిచారు. అయితే ఈ అంకెలను ఒక్కసారిగా చూస్తే అసలు కథ కనబడదు. 2001 యూఎస్ ఓపెన్ ఫైనల్ ముగిసేనాటికి అక్కదే 5-1 ఆధిక్యం. ఆ రాత్రి గెలిచిన వీనస్ ముఖంలో నాకు సంబరం కనబడలేదు. నెట్ దగ్గర చెల్లెలిని పొదివి పట్టుకుంది. తరువాత మాట్లాడుతూ, తాను పెద్దదాన్ననీ, చెల్లెలి బాగోగులు చూసుకోవడం తన పని అనీ, ఇలా గెలవడం కష్టంగా ఉందనీ అన్న భావం వ్యక్తం చేసింది. మీ పెద్దమ్మాయి మనసులో ఉన్నదీ బహుశా అదే. తేడా ఒక్కటే. వీనస్ ఆ బాధను మ్యాచ్ అయ్యేదాకా ఆపుకుంది, 6-2, 6-4తో గెలిచాకనే బయటపెట్టింది.

ఆ తరువాత జరిగినది చూడండి. 2002 ఫిబ్రవరిలో వీనస్ ప్రపంచ నంబర్ వన్ అయింది. ఆ ఏడాది జూన్‌లో ఫ్రెంచ్ ఓపెన్, జూలైలో వింబుల్డన్, సెప్టెంబరులో యూఎస్ ఓపెన్, 2003 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్, ఇలా వరుసగా నాలుగు గ్రాండ్‌స్లామ్ ఫైనళ్ళలో ఆమె చెల్లెలి చేతిలోనే ఓడిపోయింది. నంబర్ వన్ ర్యాంకు కూడా వింబుల్డన్‌తోనే చెల్లెలికి వెళ్ళిపోయింది. ఒక అక్కకు ఇంతకంటే కఠినమైన పరీక్ష ఉంటుందా? అయినా ఫ్రెంచ్ ఓపెన్‌లో ఓడిన కొద్దిసేపటికే వీనస్ ఒక కెమెరా అందుకుని, ఫొటోగ్రాఫర్ల మధ్యకు వెళ్ళి నిలబడి, కప్పు పట్టుకున్న చెల్లెలికి తానే ఫొటో తీసింది. క్రీడాస్ఫూర్తి అంటే ఏమిటని పిల్లలు అడిగినప్పుడల్లా నేను చెప్పే దృశ్యం ఇది.

ఇక నియమం సంగతి. వృత్తి టెన్నిస్ నియమావళిలో ప్రతి క్రీడాకారిణీ గెలుపు కోసం శాయశక్తులా ఆడి తీరాలన్న నిబంధన ఉంది. కావాలని ఆట వదిలేస్తే అది శిక్షించదగిన తప్పు, ఎదుట నిలిచినది చెల్లెలైనా సరే. మీరు అనుకుంటున్న వేరువేరు టోర్నమెంట్ల ఏర్పాటు కూడా ఎక్కువ కాలం నడవదు. పెద్ద పోటీల్లో తోబుట్టువులను విడదీసి డ్రా (ఎవరు ఎవరితో ఆడాలన్న పట్టిక) వేయరు. విడదీసేది సీడింగ్, అంటే మేటి ఆటగాళ్ళకు ముందుగా ఇచ్చే వరుస, ఒక్కటే. మొదటి రెండు సీడ్లను డ్రా రెండు కొసల్లో పెడతారు కనుక వారు ఫైనల్ దాకా ఎదురుపడరు. 1998లో రెండో రౌండులోనే ఢీకొన్న వీనస్, సెరెనాలు 2002 వింబుల్డన్‌కు మొదటి రెండు సీడ్లుగా వచ్చి ఫైనల్‌లోనే కలుసుకున్నారంటే కారణం అదే. తొందరగా ఎదురుపడకూడదంటే ఇద్దరూ కలిసి పైకి ఎదగడం తప్ప వేరే దారి లేదు.

మన ప్రాంతం నుంచి ఒక మాట చెప్పి ముగిస్తాను. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లేశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం సాధించిన మొదటి భారతీయ మహిళ అయింది. ఆమె ఇంట్లోనూ తోబుట్టువులు బరువులెత్తినవారే. అదే సిడ్నీలో వీనస్ సింగిల్స్‌లో స్వర్ణం గెలిచి, చెల్లెలితో కలిసి డబుల్స్‌లో మరో స్వర్ణం గెలిచింది. బరువులెత్తే ఆటలో ఒకే ఇంటి పిల్లలు వేరువేరు బరువు విభాగాల్లో ఆడుకోవచ్చు, ఒకరి గెలుపు మరొకరి ఓటమి కానక్కరలేదు. టెన్నిస్‌లో ఆ వెసులుబాటు లేదు. ఆ సంగతి మీ పిల్లలిద్దరికీ దాచకుండా చెప్పవలసిన వయసు వచ్చింది.

జవాబు: పలాస, అప్పట్లో బెంగళూరులో ఉద్యోగం చేసిన ఒకరు

మాస్టారు చెప్పిన 31 మ్యాచ్‌లలో ఒకటి మన దేశంలో జరిగిందని చాలామందికి గుర్తుండదు. 2008 మార్చిలో బెంగళూరు ఓపెన్ సెమీఫైనల్. నేను అప్పుడు ఆ ఊళ్ళోనే ఉద్యోగంలో ఉన్నాను. స్నేహితుడి దగ్గర టికెట్ సంపాదించి కబ్బన్ పార్కులోని స్టేడియానికి వెళ్ళాను. సెరెనా 6-3, 3-6, 7-6తో గెలిచింది. చివరి సెట్ 6-6తో సమమై, దాన్ని తేల్చే టైబ్రేక్ దాకా వెళ్ళింది.

నాకు బాగా గుర్తున్నది స్కోరు కాదు. నా చుట్టూ కూర్చున్నవాళ్ళు మొదట్లో ఎవరి పక్షం వహించాలో తెలియక మౌనంగా ఉన్నారు, కాసేపయ్యాక మంచి పాయింటు ఎవరిదైతే వారికి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. అమ్మగారూ, మీరు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారని రాశారు. రెండు వైపులా కొట్టవచ్చు. అది చూసే పిల్లలకు ఎంతో ధైర్యంగా ఉంటుందని నా నమ్మకం.

జవాబు: బొబ్బిలి, ఒక ఇంటి చెల్లెలు

ఇక్కడ అందరూ అక్క వైపు నుంచి మాట్లాడుతున్నారు. నేను చెల్లెలిని కనుక ఆ వైపు నుంచి చెబుతాను.

నేనూ మా అక్కా కళాశాల రోజుల్లో టెన్నిస్ ఆడాం. విశ్వవిద్యాలయ జట్టు ఎంపిక పోటీల్లో చివరి స్థానం కోసం మా ఇద్దరికీ మ్యాచ్ పడింది. నేను గెలిచాను. జట్టుతో కలిసి ఇతర రాష్ట్రాలకు వెళ్ళి ఆడాను. ధ్రువపత్రం వచ్చింది, మా నాన్నగారు దాన్ని ఫ్రేము కట్టించి గోడకు పెట్టారు. నాలుగేళ్ళ తరువాత అక్క పెళ్ళిలో, నవ్వుకుంటూ మాట్లాడుకుంటున్న వేళ, ఆ రోజు తాను మూడో గేము నుంచి ఆట తగ్గించుకున్నానని అక్క యథాలాపంగా అనేసింది. ఆమె నన్ను సంతోషపెట్టాలనే అన్నది. నేను ఆ రాత్రి నిద్రపోలేదు. ఇప్పుడు ఆ ధ్రువపత్రం బీరువాలో అడుగున ఉంది. దాని మీద నా పేరు ఉన్నా అది నాదని నాకు అనిపించదు. నేను అక్కను గెలవగలిగేదాన్నో కాదో నాకు ఎప్పటికీ తెలియదు. ఆ ఒక్క విషయం తెలుసుకునే అవకాశాన్ని నా నుంచి తీసేసుకున్నది నన్ను అందరికంటే ఎక్కువగా ప్రేమించే మనిషి.

బస్సులో మీ చిన్నమ్మాయి వేసిన ప్రశ్నను అందుకే తేలికగా తీసుకోవద్దని నా మనవి. నేను నాలుగేళ్ళ తరువాత తెలుసుకున్నదాన్ని ఆమె నాలుగు గంటల్లోనే పసిగట్టింది. ఆ పిల్ల కోపంలో తప్పేమీ లేదు.

సెరెనా పలుమార్లు చెప్పుకున్న చిన్ననాటి సంఘటన ఒకటి ఉంది. ఎనిమిదేళ్ళప్పుడు ఆమె, ఇంట్లో చెప్పకుండా, అక్క ఆడబోయే టోర్నమెంటుకు తానే దరఖాస్తు నింపి పంపుకుంది. గెలుచుకుంటూ ఫైనల్‌కు వచ్చి, అక్క చేతిలో ఓడింది. దిగులుపడుతున్న చెల్లెలిని చూసి వీనస్, తనకు బంగారం కంటే వెండే ఇష్టమని చెప్పి, తన బంగారు కప్పు ఆమెకిచ్చి ఆమె వెండి కప్పు తాను తీసుకుంది. ఈ కథ విన్నవారు సాధారణంగా వీనస్ మంచితనాన్ని మెచ్చుకుని ఊరుకుంటారు. నేను మాత్రం అందులోని వరుసను గమనించాను. వీనస్ ముందు ఫైనల్ గెలిచింది, ఆ తరువాత కప్పు ఇచ్చింది. కప్పు ఆమె సొత్తు కనుక ఇవ్వగలిగింది. మ్యాచ్ ఇద్దరిదీ, అందులోని పాయింట్లను ఒక్కతే దానం చేయడానికి వీల్లేదు. మా అక్క నాకు కప్పు ఇచ్చి ఉంటే దాన్ని కళ్ళకు అద్దుకునేదాన్ని. ఆమె మ్యాచ్ ఇచ్చింది.

2015 యూఎస్ ఓపెన్ క్వార్టర్ ఫైనల్ కూడా గుర్తు చేసుకోండి. ఆ ఏడాది మొదటి మూడు గ్రాండ్‌స్లామ్‌లూ గెలిచిన సెరెనా, నాలుగోది కూడా గెలిస్తే ఒకే ఏడాదిలో నాలుగూ సాధించినదవుతుంది. ఆ దారికి అడ్డంగా 35 ఏళ్ళ వీనస్ వచ్చింది. అక్క మెత్తబడుతుందని ఎవరైనా అనుకుని ఉంటే రెండో సెట్‌ను ఆమె 6-1తో లాక్కోవడం వారికి జవాబు. సెరెనా మూడో సెట్ 6-3తో గెలిచి బయటపడింది. తరువాతి మ్యాచ్‌లో రొబెర్టా విన్చీ చేతిలో ఓడిపోవడంతో ఆ ఘనత ఆమెకు దక్కలేదు, అది వేరే సంగతి. అక్కను దాటి వచ్చిన ఆ రోజు గెలుపు మాత్రం అచ్చంగా ఆమెదే.

జవాబు: రాజాం, టెన్నిస్ ఆడే అమ్మాయి తండ్రి

పై జవాబులతో చాలావరకు ఏకీభవిస్తాను గాని, విలియమ్స్ అక్కాచెల్లెళ్ళ కథను మరీ తీయగా చెప్పుకుంటే మీకు సాయం జరగదు. వాళ్ళ మధ్య జరిగిన మ్యాచ్‌లలో కొన్ని చూడడానికి బాగుండేవి కావు. 2001 యూఎస్ ఓపెన్ ఫైనల్‌నే తీసుకుంటే, ఇద్దరూ బిగుసుకుపోయి, మిగతావారి మీద ఆడే ఆటలో సగం కూడా ఆడలేదని నాకు అనిపించింది. మనసు అడ్డుపడడం సహజమే. ప్రపంచంలో మేటి క్రీడాకారిణులకే అది తప్పలేదు కనుక, మీ పెద్దమ్మాయి డబుల్ ఫాల్టులన్నీ కావాలని చేసినవేనని ముందే తీర్మానించుకోవద్దు. చేయి వణికి ఉండవచ్చు. అడిగి తెలుసుకోండి.

సెరెనా నడవడిక కూడా అన్ని వేళలా ఆదర్శం కాదు. 2009 యూఎస్ ఓపెన్ సెమీఫైనల్‌లో ఫుట్ ఫాల్ట్ (సర్వ్ చేస్తూ గీత తొక్కడం) ఇచ్చిన లైన్ అధికారి మీద ఆమె విరుచుకుపడడం, పాయింటు కోతతోనే మ్యాచ్ ముగిసిపోవడం నేను చూశాను. 2018 యూఎస్ ఓపెన్ ఫైనల్‌లో అంపైరుతో వాదించి ఏకంగా ఒక గేము పోగొట్టుకుంది. అయితే అదే సాయంత్రం బహుమతి ప్రదానంలో జనం అరుస్తుంటే, ఇక ఆపమని వారిని కోరి, తనను ఓడించి కూడా ఏడుస్తున్న నవోమి ఒసాకాకు ఆ క్షణం దక్కేలా చేసింది కూడా ఆమే. అక్కకు ఎదురుగా ఆడేటప్పుడు మాత్రం వేరే మనిషిలా ఉండేది. గెలిచినా పెద్దగా గంతులు వేసేది కాదు.

అసలు నేను చెప్పదలచినది తప్పుకోవడం గురించి. మీరు అడిగారు గదా, ఒకరిని తప్పుకోమనాలా అని. 2001 మార్చిలో కాలిఫోర్నియాలోని ఇండియన్ వెల్స్‌లో ఇద్దరికీ సెమీఫైనల్ పడింది. మోకాలి నొప్పితో వీనస్ మ్యాచ్‌కు కొద్ది నిమిషాల ముందు తప్పుకుంది. అంతకుముందే వాళ్ళ మ్యాచ్‌లలో ఎవరు గెలవాలో తండ్రి రిచర్డ్ నిర్ణయిస్తాడన్న పుకారు ఉంది. క్వార్టర్ ఫైనల్‌లో వీనస్ చేతిలో ఓడిన ఎలెనా దెమెంతియెవా కూడా ఆ అర్థం వచ్చేలా ఒక మాట అన్నది. ఆ పుకారును ఎవరూ రుజువు చేయలేదు. అయినా ఫైనల్ రోజున వీనస్, రిచర్డ్ వచ్చి తమ స్థానాల్లో కూర్చుంటుంటే జనం ఎగతాళిగా అరిచారు. 19 ఏళ్ళ సెరెనా ఆడినంతసేపూ ఆ అరుపులు సాగాయి. ఆమె తొలి సెట్ పోగొట్టుకుని కూడా కిమ్ క్లైస్టర్స్ మీద 4-6, 6-4, 6-2తో గెలిచింది. జాతి దూషణలు కూడా వినవలసి వచ్చిందని తండ్రి చెప్పాడు. ఆ తరువాత 2015 దాకా సెరెనా ఆ టోర్నమెంటులో అడుగుపెట్టలేదు, వీనస్ 2016లో వెళ్ళింది. నొప్పి నిజమైనదే అయినా ఒక్క మ్యాచ్ ఆగిపోయినందుకు ఇన్నేళ్ళ గాయం మిగిలింది. మరి 2018లో అదే ఊళ్ళో, మూడో రౌండులో, వాళ్ళిద్దరూ చివరికి తలపడ్డారు. బిడ్డను కన్న ఆరు నెలలకే తిరిగి వచ్చిన చెల్లెలిని వీనస్ 6-3, 6-4తో ఓడించింది. పచ్చి బాలింత అని జాలిపడి వదిలేయలేదు. చెల్లెలు అక్క మీద అలగనూ లేదు.

మీరు చేయగలిగిన పనులు కొన్ని చెబుతాను. జూనియర్ టోర్నమెంట్లలో తొలి రౌండ్లలో చాలాసార్లు కుర్చీ అంపైరు ఉండడు, తన వైపు పడిన బంతి లోపలా బయటా అన్నది ఎవరికి వారే చెప్పాలి, అనుమానం ఉంటే పాయింటు ఎదుటివారికే. అక్క చెల్లెలికి రహస్యంగా పాయింట్లు ఇవ్వడానికి అదే సులువైన చోటు, కనుక ఇద్దరు పిల్లలూ ఎదురుపడితే అంపైరును పెట్టమని రెఫరీని ముందుగానే అడగండి. ఆ రోజు కోచ్ ఇద్దరిలో ఎవరికీ సలహా ఇవ్వకూడదు. ముందు రాత్రి ఇంట్లో ఆ మ్యాచ్ మాట ఎత్తకండి. మీకు చూడలేనంత కష్టంగా ఉంటే బయట చెట్టు కింద కూర్చోండి, తప్పు లేదు. కూతుళ్ళు తలపడే మ్యాచ్‌లను చూడలేక రిచర్డ్ విలియమ్స్ కూడా దూరంగా ఉండిపోయిన సందర్భాలు ఉన్నాయి.

జవాబు: శ్రీకాకుళం, విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు

రాజాం మిత్రులు చెప్పినది నిజమే, తొలినాళ్ళ మ్యాచ్‌లు కొన్ని పేలవంగా సాగాయి. అయితే ఆ బిగుతు కాలంతో పాటు సడలింది. 2003 ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్ మూడు సెట్లు హోరాహోరీగా సాగింది. 2008 వింబుల్డన్ ఫైనల్‌లో వీనస్ 7-5, 6-4తో గెలిచినప్పుడు ఇద్దరి సర్వ్‌లూ చూసి తీరవలసినవి. మరుసటి ఏడాది అక్కడే సెరెనా గెలిచింది, గెలిచిన కొద్ది గంటలకే ఇద్దరూ నెట్‌కు ఒకే వైపున నిలబడి డబుల్స్ ఫైనల్ కూడా గెలిచారు. డబుల్స్‌లో వాళ్ళు 14 గ్రాండ్‌స్లామ్ ఫైనళ్ళు ఆడి పద్నాలుగూ గెలిచారు. బొబ్బిలి అమ్మాయి రాసినది చదివాక నాకొక ఆలోచన వచ్చింది, మీ పిల్లలను కొన్నాళ్ళు డబుల్స్ కూడా ఆడించండి. ఎదురుగా ఉన్నప్పుడు ఆట ఆపని మనిషి పక్కన ఉంటే ఎంత బలమో అప్పుడు తెలుస్తుంది.

ప్రశ్న అడిగిన తల్లి

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. బొబ్బిలి సోదరి రాసినది ఇద్దరు పిల్లలకూ చదివి వినిపించాను. చిన్నమ్మాయి వింటూ ఏమీ అనలేదు. ఆ సాయంత్రం పైడితల్లి అమ్మవారి గుడి నుంచి నడిచి వస్తూ, రాజాం అన్నగారు చెప్పినట్లు, పెద్దమ్మాయిని తప్పుపట్టకుండా అడిగాను. ఆమె చెప్పిన జవాబు నేను ఊహించినది కాదు.

టోర్నమెంటుకు వారం ముందు ఒక రాత్రి నేనూ మా వారూ ఖర్చుల గురించి మాట్లాడుకున్నాం. ఇద్దరినీ హైదరాబాద్ పంపి శిక్షణ ఇప్పించే శక్తి మనకు లేదనీ, పంపితే ఎవరో ఒకరినే పంపగలమనీ అనుకున్నాం. పిల్లలు నిద్రపోయారని మా నమ్మకం. పెద్దమ్మాయి అంతా విన్నది. క్వార్టర్ ఫైనల్‌లో 4-1తో ముందుండగా, తాను గెలిస్తే చెల్లెలి దారి మూసుకుపోతుందని తోచిందట. చిన్నదానికి ఇంకా వయసుంది, తాను పదో తరగతికి వచ్చేసింది, వెళితే అదే వెళ్ళాలి అనుకుని ఆట వదిలేసిందట. బయటివాళ్ళు ఇంట్లో నిర్ణయించుకుని వచ్చారన్నప్పుడు నాకు ఎంతో కోపం వచ్చింది. మేం నిర్ణయించలేదు నిజమే, కాని ఆ నిర్ణయం తీసుకోవలసిన బరువును మాకు తెలియకుండానే ఒక పదిహేనేళ్ళ పిల్ల మీద పెట్టాం.

ఇంటికి వచ్చి నలుగురం కూర్చున్నాం. హైదరాబాద్ విషయం మేమింకా ఏమీ తేల్చలేదనీ, తేల్చినా అది ఒక మ్యాచ్‌లో ఎవరు గెలిచారన్న దాని మీద ఆధారపడదనీ మా వారు చెప్పారు. చిన్నమ్మాయికి అక్క ఎందుకు ఓడిందో తెలిసి కోపం తగ్గలేదు, పెరిగింది. చాలాసేపటికి, "అప్పా, ఆదివారం అక్కడి నుంచే ఆడదాం. నువ్వు 4-1" అన్నది.

ఆదివారం పొద్దున ఆరింటికి రెండో సెట్ 4-1 నుంచి మొదలుపెట్టి ఆడారు. మా వారు వాళ్ళను దించేసి దుకాణానికి వెళ్ళిపోయారు, నేను వెళ్ళలేదు. పెద్దమ్మాయి 6-3తో గెలిచిందట. చిన్నమ్మాయి ఇంటికి వచ్చి బ్యాగు మూలకు విసిరి, తన బ్యాక్‌హ్యాండ్ మీద అక్క ఎన్నిసార్లు కొట్టిందో లెక్కపెట్టి చెబుతూ ఏడ్చింది. పక్క గదిలోంచి పెద్దమ్మాయి, "నీ ఎడమ కాలు ఆలస్యంగా పడుతోంది, రేపు చూపిస్తాను" అన్నది. వచ్చే నెల టోర్నమెంటుకు ఇద్దరి ఎంట్రీలూ పంపాం, సింగిల్స్‌కు వేరువేరుగా, డబుల్స్‌కు కలిపి.